4294967297: ఐదవ ఫెర్మా సంఖ్య గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సంఖ్యను ఎలా చదవాలి? ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు అని చదవాలి. 2ను 32 సార్లు వేసి గుణిస్తే 4294967296 వస్తుంది, దానికి 1 కలిపితే ఈ సంఖ్య వస్తుంది. అంటే ఇది 2³² + 1. ఇక్కడ ఘాతాంకంగా ఉన్న 32 కూడా 2 ఘాతమే (2⁵) అన్నది ముఖ్యమైన విషయం. 2 ఘాతాంకంలో మళ్లీ 2 ఘాతమే ఉండి, చివర 1 కలిపితే వచ్చే సంఖ్యలను ఫెర్మా సంఖ్యలంటారు. వాటి వరుస సున్నా నుంచి మొదలవుతుంది: 2¹ + 1 = 3, 2² + 1 = 5, 2⁴ + 1 = 17, 2⁸ + 1 = 257, 2¹⁶ + 1 = 65537. ఈ ఐదింటి తర్వాత వచ్చేదే 4294967297. సున్నా నుంచి లెక్కిస్తారు కాబట్టి వరుసలో ఆరో స్థానంలో ఉన్నా దీనిని ఐదవ ఫెర్మా సంఖ్య అనే పిలుస్తారు.

ఘాతాంకం కూడా 2 ఘాతమే కావాలన్న నియమం ఎందుకు?

ఘాతాంకానికి 1 కాక వేరే బేసి కారణాంకం ఏదైనా ఉంటే ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాలేదు. ఉదాహరణకు 2¹² + 1 తీసుకుంటే, 12 = 4 × 3 కాబట్టి అది 2⁴ ఘనానికి 1 కలిపినట్టు అవుతుంది. ఘనానికి 1 కలిపిన సంఖ్యను మూలానికి 1 కలిపిన సంఖ్య ఎప్పుడూ నిశ్శేషంగా భాగిస్తుంది. కనుక 4097ను 17 భాగిస్తుంది, భాగఫలం 241. అందువల్ల 2 ఘాతానికి 1 కలిపి ప్రధాన సంఖ్యలను వెతకదలచిన వారికి ఫెర్మా సంఖ్యలు తప్ప వేరే దారి లేదు. వడపోత ఇంతవరకు సరైనదే. వడపోతలో మిగిలినవన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

ఇన్ని పెద్ద సంఖ్యలుండగా దీనికే అంత పేరు ఎందుకు వచ్చింది?

17వ శతాబ్దపు గణితవేత్త పియెర్ ద ఫెర్మా ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. 1640లో రాసిన ఉత్తరాలలో ఆ నమ్మకాన్ని బయటపెట్టాడు. తన దగ్గర పూర్తి నిరూపణ లేదని ఒప్పుకుంటూనే, సంగతి నిజమన్న విషయంలో తనకు సందేహం లేదన్నట్టు రాశాడు. 3, 5, 17, 257, 65537 ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది 4294967297. దాదాపు తొంభై ఏళ్ల పాటు ఆ ఊహను ఎవరూ తోసిపుచ్చలేదు. 1729లో క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఒక ఉత్తరంలో ఈ విషయాన్ని లియొనార్డ్ ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో ఆయిలర్ ఈ సంఖ్యను 641 భాగిస్తుందని చూపించాడు. ఫెర్మా ఊహ తప్పని తేలిన మొదటి సంఖ్య ఇదే కాబట్టి ఈ సంఖ్యకు చరిత్రలో స్థానం దక్కింది. అయితే దీని గొప్పతనం చరిత్రతో ఆగిపోదని నా అభిప్రాయం. దీని గుణాలలో దాదాపు ప్రతి ఒక్కటీ 2³² + 1 అన్న రూపం నుంచే నేరుగా పుడుతుంది. ఫెర్మాను తప్పుదారి పట్టించిన రూపమూ అదే, ఆయిలర్ చేతికి ఆధారమిచ్చిన రూపమూ అదే.

అయితే ఇది ప్రధాన సంఖ్య కాదన్నమాట. కారణాంకాలు ఏమిటి?

4294967297 = 641 × 6700417. రెండు కారణాంకాలూ ప్రధాన సంఖ్యలే. కాగితం మీద సరిచూసుకోవడం తేలిక: 6700417ను 600తో గుణిస్తే 4020250200, 40తో గుణిస్తే 268016680, 1తో గుణిస్తే 6700417. మూడింటినీ కూడితే 4294967297 వస్తుంది. తొమ్మిదుల పద్ధతిలోనూ చూడవచ్చు. 641 అంకెల మొత్తం 11, తొమ్మిదితో భాగిస్తే శేషం 2. 6700417 అంకెల మొత్తం 25, శేషం 7. రెండింటి లబ్ధం 14, దాని శేషం 5. మన సంఖ్య అంకెల మొత్తం 59, దాని శేషం కూడా 5. లెక్క సరిపోయింది.

641ను ఆయిలర్ ఎలా కనిపెట్టాడు? ప్రధాన సంఖ్యలన్నిటితో వరుసగా భాగించి చూశాడా?

అలా చేసినా దొరికేదే. 641 ప్రధాన సంఖ్యల వరుసలో 116వది, కాబట్టి ఓపిక ఉన్నవారికి 116వ భాగహారంలో ఫలితం దక్కుతుంది. అయితే ఆయిలర్ పద్ధతి దానికంటే ఎంతో లోతైనది. 1732లో కారణాంకాన్ని మాత్రమే చెప్పి, దాని వెనుక ఉన్న తర్కాన్ని తర్వాతి రచనలలో వివరించాడు. ఆ తర్కం ఇలా సాగుతుంది.

మన సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకొని దానిని ‘ప’ అందాం. 2³² + 1ను ప నిశ్శేషంగా భాగిస్తే, 2³²ను పతో భాగించినప్పుడు శేషం −1 అవుతుంది. వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. అంటే 64వ ఘాతం దగ్గర శేషం 1 వస్తోంది, 32 దగ్గర రావడం లేదు. కాబట్టి 2 ఘాతాలలో శేషం 1 ఇచ్చే మొట్టమొదటి ఘాతాంకం సరిగ్గా 64. ఎందుకంటే ఆ మొదటి ఘాతాంకం 64ను భాగించాలి, 32ను భాగించకూడదు. 64 తప్ప అలాంటిది వేరొకటి లేదు. ఇక రెండో మెట్టు. ప ప్రధాన సంఖ్య అయితే 2ను (ప − 1) ఘాతానికి హెచ్చించినప్పుడు శేషం 1 వస్తుంది. దీనిని ఫెర్మా చిన్న సిద్ధాంతం అంటారు. కనుక (ప − 1)ను 64 నిశ్శేషంగా భాగించి తీరాలి. అంటే ప అనేది 64 గుణిజానికి 1 కలిపిన సంఖ్య కావాలి.

ఇప్పుడు వెతకవలసిన జాబితా ఎంత చిన్నదైపోయిందో చూడండి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. మొదటి నాలుగూ భాగించవు, ఐదోది భాగిస్తుంది. ఇందులో నన్ను ఎప్పుడూ కదిలించే విషయం ఒకటుంది. ఫెర్మా ఊహను పడగొట్టిన పనిముట్టు ఫెర్మా సొంత సిద్ధాంతమే. దానినీ ఆయన 1640లోనే ఒక ఉత్తరంలో రాశాడు. ఊహా, దానిని కూల్చే ఆయుధమూ ఒకే ఏడాది ఒకే మనిషి చేతిలో ఉన్నాయి.

1878లో ఎడ్వర్డ్ లూకా ఈ జాబితాను ఇంకా కుదించాడు. ప అనేది 64 గుణిజానికి 1 కలిపినదైతే, పతో భాగించినప్పుడు 2కు సమానమైన శేషమిచ్చే వర్గసంఖ్య ఒకటి తప్పక ఉంటుంది. అదే తర్కాన్ని ఆ వర్గమూలానికి వర్తింపజేస్తే (ప − 1)ను 128 భాగించాలని తేలుతుంది. అప్పుడు 641 లోపల పరీక్షించవలసిన ప్రధాన సంఖ్య 257 ఒక్కటే. అది కూడా ఫెర్మా సంఖ్యే కాబట్టి, కింద వివరించిన కారణం వల్ల దానితో భాగించి చూడవలసిన అవసరమే లేదు. అంటే ఈ పద్ధతిలో మొదట ప్రయత్నించవలసిన సంఖ్యే 641.

పెద్ద భాగహారం చేయకుండానే 641 భాగిస్తుందని చూపవచ్చా?

చూపవచ్చు, అది చాలా అందమైన నిరూపణ. 641ను రెండు విధాలుగా రాయవచ్చు: 641 = 5 × 2⁷ + 1, అలాగే 641 = 5⁴ + 2⁴. మొదటి దాని ప్రకారం 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1. దానిని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో దాని ప్రకారం 5⁴కు బదులు −2⁴ అని రాసుకోవచ్చు. అప్పుడు −2⁴ × 2²⁸, అంటే −2³²కు శేషం 1 అవుతుంది. కాబట్టి 2³² + 1కు శేషం సున్నా. పదంకెల సంఖ్యను ఒక్కసారి కూడా విడదీసి రాయకుండానే పని పూర్తయింది. 625, 16, 640 అన్న మూడు చిన్న సంఖ్యలతో నోటిలెక్కగా చెప్పగల నిరూపణ ఇది.

6700417 కూడా ప్రధాన సంఖ్యే అని ఎలా తెలుసు?

దీనికీ పై సూత్రమే సాయపడుతుంది. 6700417 వర్గమూలం 2588కి కాస్త ఎక్కువ. అది సంయుక్త సంఖ్య అయితే 2588కి మించని ప్రధాన కారణాంకం ఒకటి ఉండాలి. ఆ కారణాంకం మన పెద్ద సంఖ్యను కూడా భాగిస్తుంది కాబట్టి అది 128 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలి. 129 నుంచి 2561 దాకా ఆ రూపంలో ఇరవై సంఖ్యలున్నాయి, వాటిలో ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 257ను ముందే తొలగించాం. మిగిలిన నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు, కనుక 6700417 ప్రధాన సంఖ్య. డెబ్బై లక్షలకు చేరువలో ఉన్న సంఖ్యను నాలుగు భాగహారాలతో తేల్చగలగడం ఆ రూపం చలవే.

ఈ సంఖ్యకు మొత్తం ఎన్ని భాజకాలు ఉన్నాయి? వాటి మొత్తం ఎంత?

నాలుగు: 1, 641, 6700417, 4294967297. వాటి మొత్తం 4301668356. తనను తాను మినహాయిస్తే మిగిలిన మూడింటి మొత్తం 6701059 మాత్రమే. అది సంఖ్య కంటే ఎంతో తక్కువ కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్యకు చాలా దూరంలో ఉంది. 1 నుంచి ఈ సంఖ్య దాకా ఉన్న పూర్ణసంఖ్యలలో దీనితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి 640 × 6700416, అంటే 4288266240. ఉమ్మడి భాజకం ఉన్నవి 6701057 మాత్రమే. నిష్పత్తిలో చూస్తే వెయ్యింటికి రెండు కూడా ఉండవు. యాదృచ్ఛికంగా ఒక సంఖ్యను ఎంచుకుని దానితో కారణాంకాన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

దీనిని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా?

రాయవచ్చు, అదీ రెండు విధాలుగా. మొదటిది చూడగానే తెలుస్తుంది: 65536² + 1². రెండోది అంత సులభంగా కనిపించదు: 62264² + 20449². సరిచూసుకోవాలంటే 62264 వర్గం 3876805696, 20449 వర్గం 418161601, రెండూ కూడితే మన సంఖ్య వస్తుంది. 20449 అనేది 143 వర్గం కావడం ఇంకో ముచ్చటైన సంగతి. కాబట్టి ఈ సంఖ్యను 62264² + 143⁴ అని కూడా రాయవచ్చు.

ఈ రెండు రూపాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే విషయం తేటపడుతుంది. 641 = 25² + 4², 6700417 = 2556² + 409². రెండు వర్గాల మొత్తాలుగా ఉన్న రెండు సంఖ్యల లబ్ధాన్ని మళ్లీ రెండు వర్గాల మొత్తంగా, సాధారణంగా రెండు విధాలుగా రాయవచ్చునన్న సూత్రం బ్రహ్మగుప్తుడి గణితంలో ఇంతకంటే విస్తృతమైన రూపంలో ఉంది. ఆ సూత్రం ప్రకారం 25 × 2556 = 63900, 4 × 409 = 1636. వాటిని కలిపితే 65536, తీసివేస్తే 62264. అలాగే 25 × 409 = 10225, 4 × 2556 = 10224. తీసివేస్తే 1, కలిపితే 20449. 10225కూ 10224కూ మధ్య తేడా సరిగ్గా 1 కావడం వల్లనే మొదటి రూపంలో 1² వచ్చింది.

దీనిని వెనుక నుంచి కూడా నడిపించవచ్చు. 4తో భాగిస్తే 1 శేషం వచ్చే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. రెండు విధాలుగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదు. కనుక 62264, 20449 అన్న జత దొరికిన క్షణానే, కారణాంకాలు ఇంకా తెలియకపోయినా, ఇది సంయుక్త సంఖ్య అని రుజువైపోతుంది. కారణాంకాలను కూడా ఆ జత నుంచే బయటికి తీయవచ్చు. 65536 − 62264 = 3272, 20449 − 1 = 20448. ఈ రెండింటి గ.సా.భా. 8. 8తో భాగిస్తే 409, 2556 వస్తాయి. 409² + 2556² = 6700417. పెద్ద కారణాంకం అలా దొరికింది, చిన్నది భాగహారంతో దొరుకుతుంది. ఆయిలర్‌కు ఎంతో ఇష్టమైన పద్ధతులలో ఇదొకటి. ఈ సంఖ్య విషయంలో అన్నిటికంటే కళ్లకు కట్టినట్టు పనిచేసేది కూడా ఇదేనని నాకనిపిస్తుంది.

దీని వర్గమూలంలో ఏదైనా విశేషం ఉందా?

ఒక వర్గానికి సరిగ్గా 1 ఎక్కువ కాబట్టి దీని వర్గమూలం 65536ను అంటిపెట్టుకుని ఉంటుంది, సుమారు 65536.0000076. ఈ దగ్గరితనం వల్ల బ్రహ్మగుప్తుడు వర్గప్రకృతి అన్న సమీకరణానికి ఇక్కడ పరిష్కారం వెంటనే దొరుకుతుంది. ఒక వర్గం నుంచి, మన సంఖ్యను మరో వర్గంతో గుణించగా వచ్చిన దానిని తీసివేస్తే −1 రావాలంటే 65536, 1 అన్న జత చాలు. తేడా +1 రావాలంటే ఆ జతను దానితోనే కలిపే భావన ప్రక్రియ చేయాలి. అప్పుడు 8589934593, 131072 వస్తాయి. చాలా సంఖ్యలకు ఈ పరిష్కారం కోసం సుదీర్ఘమైన లెక్క చేయాలి. ఇక్కడ రెండు మెట్లలో పని అయిపోతుంది.

మిగతా ఫెర్మా సంఖ్యలతో దీనికి సంబంధం ఏమిటి?

ముందున్న ఐదింటినీ వరుసగా గుణించి చూడండి. 3 × 5 = 15, ఇది 17కు 2 తక్కువ. 15 × 17 = 255, ఇది 257కు 2 తక్కువ. 255 × 257 = 65535. 65535 × 65537 = 4294967295, ఇది మన సంఖ్యకు 2 తక్కువ. ఈ క్రమం ఎప్పటికీ కొనసాగుతుంది. దీన్నిబట్టి ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. ఉంటే అది 2ను కూడా భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. 257తో మన సంఖ్యను భాగించి చూడనక్కరలేదని పైన చెప్పడానికి కారణం ఇదే. భాగించినా శేషం 2 వస్తుంది. ప్రధాన సంఖ్యలకు అంతు లేదన్న ప్రాచీన సత్యానికి దీని నుంచి మరో నిరూపణ కూడా దొరుకుతుంది. ఒక్కొక్క ఫెర్మా సంఖ్య కనీసం ఒక కొత్త ప్రధాన కారణాంకాన్ని తెచ్చిపెడుతుంది, ఫెర్మా సంఖ్యలకేమో అంతు లేదు. ఫెర్మా ఊహ తప్పయినా ఈ నిరూపణకు వచ్చిన లోటేమీ లేదు.

కంప్యూటర్లతో దీనికి సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది 1, తర్వాత 31 సున్నాలు, చివర 1. మొత్తం 33 స్థానాలు. కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా ఒక్కటే. ధన సంఖ్యలకు మాత్రమే కేటాయించిన 32 బిట్ల చోటులో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295. మన సంఖ్యను ఆ చోటులో పెడితే 33వ స్థానంలోని 1 పోయి, చివరి 1 మాత్రమే మిగులుతుంది. అందువల్ల 32 బిట్ల లెక్కలో 641ను 6700417తో గుణిస్తే జవాబు 1 వస్తుంది.

దీనికి ఆచరణలో ఒక ఉపయోగం ఉంది. యంత్రానికి భాగహారం కంటే గుణకారం తేలిక. 32 బిట్లలో పట్టే ఏ సంఖ్యనైనా 641తో భాగించాలంటే, దానిని 6700417తో గుణించి, వచ్చిన 64 బిట్ల ఫలితంలో కింది 32 బిట్లను వదిలేస్తే చాలు, భాగఫలం పూర్ణాంకంగా మిగులుతుంది. ఇది ఉజ్జాయింపు కాదు, ప్రతిసారీ సరిగ్గా వస్తుంది. ఎందుకంటే ఈ పద్ధతిలో వచ్చే తేడా 1/641 కంటే ఎప్పుడూ తక్కువే, కాబట్టి పూర్ణాంక భాగం మారే అవకాశం లేదు.

ఫెర్మా చిన్న సిద్ధాంతంతో పరీక్షిస్తే ఇది సంయుక్త సంఖ్య అని తెలిసిపోయేది కదా?

2తో పరీక్షిస్తే తెలియదు, అదే ఇందులో చిక్కు. సిద్ధాంతం ప్రకారం మన సంఖ్య ప్రధాన సంఖ్య అయితే, 2ను 4294967296 ఘాతానికి హెచ్చించినప్పుడు శేషం 1 రావాలి. 2⁶⁴కే శేషం 1 వస్తుంది, 4294967296ను 64 నిశ్శేషంగా భాగిస్తుంది, కాబట్టి శేషం 1 వచ్చి తీరుతుంది. సంయుక్త సంఖ్య అయి ఉండి కూడా ఈ పరీక్షలో నెగ్గే ఇలాంటి వాటిని మిథ్యా ప్రధాన సంఖ్యలంటారు. ఇంకా కఠినమైన పరీక్ష పెట్టినా 2 ఆధారంగా ఇది నెగ్గుతుంది. ప్రతి ఫెర్మా సంఖ్య విషయంలోనూ ఇదే జరుగుతుంది కనుక వీటికి 2తో చేసే పరీక్ష ఎందుకూ కొరగాదు.

3తో పరీక్షిస్తే నిజం బయటపడుతుంది. పెపిన్ 1877లో ఇచ్చిన పరీక్ష నేడు వాడుకలో ఉన్న రూపంలో ఇలా ఉంటుంది: 3ను వర్గం చేసి, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి, ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటూ 31 సార్లు చేయాలి. చివర −1, అంటే 4294967296 వస్తే అది ప్రధాన సంఖ్య. వేరే ఏది వచ్చినా కాదు. చివరకు వచ్చేది 10324303. ఇంత పెద్ద లెక్కను సరిచూసేందుకు 641 ఉపయోగపడుతుంది. అవే వర్గాలను 641తో భాగిస్తూ పోతే శేషాలు 9, 81, 151, 366, 628, 169, 357, 531, 562, 472 అని వచ్చి, మళ్లీ 357 దగ్గరికి చేరతాయి. ఏడో అడుగు నుంచి నాలుగేసి అడుగులకు ఒకసారి అవే తిరిగి వస్తాయి కాబట్టి 31వ అడుగున 357 రావాలి. 10324303ను 641తో భాగిస్తే శేషం సరిగ్గా 357.

క్రమ బహుభుజులతో దీనికి ఏం సంబంధం?

1796లో పద్దెనిమిదేళ్ల గౌస్, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనుగొన్నాడు. భుజాల సంఖ్య 2 ఘాతమో, లేక వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమో, లేక ఈ రెండింటి లబ్ధమో అయితేనే బహుభుజిని అలా గీయగలం. అంతకు మించి సాధ్యం కాదన్న భాగాన్ని 1837లో పియెర్ వాంట్జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే కాబట్టి, గీయగలమని తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు 31 మాత్రమే. వాటిలో అతి పెద్దది ఐదింటి లబ్ధమైన 4294967295 భుజాలది. దానికి మరో రెండు భుజాలు కలిపితే మన సంఖ్య వస్తుంది, కానీ 641 ఫెర్మా సంఖ్య కాదు కనుక ఆ బహుభుజిని గీయడం అసాధ్యం. కంటితో చూస్తే ఆ రెండు బహుభుజులూ వృత్తానికి తేడా లేకుండానే ఉంటాయి. అయినా ఒకటి సాధ్యం, ఇంకొకటి అసాధ్యం. 65537 భుజాల బహుభుజికి యోహాన్ హెర్మెస్ పదేళ్లు శ్రమించి 1894లో విధానాన్ని పూర్తిచేశాడు. ఫెర్మా ఊహ నిజమై ఉంటే ఈ సంఖ్యకూ అలాంటి శ్రమకు అవకాశం ఉండేది.

పక్కనున్న సంఖ్యల సంగతేమిటి?

ఒకటి తక్కువైతే 2³². ఒకటి ఎక్కువైతే 4294967298 = 2 × 3 × 715827883, ఇందులో చివరిది ప్రధాన సంఖ్య. మన సంఖ్యకు ముందున్న ప్రధాన సంఖ్య 4294967291, తర్వాతది 4294967311.

దశాంశాలలో ఏదైనా చెప్పుకోదగ్గది ఉందా?

1ని 641తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత 32 అంకెలకు ఒకసారి అవే అంకెలు మళ్లీ వస్తాయి. 10¹⁶కు 1 కలిపితే వచ్చే సంఖ్యను 641 భాగించడమే దానికి కారణం. 2³²కు 1 కలిపిన సంఖ్యనూ, 10¹⁶కు 1 కలిపిన సంఖ్యనూ ఒకే ప్రధాన సంఖ్య భాగించడం చూడముచ్చటగా ఉంటుంది. అంకెల మొత్తం 59 కావడం, చివరి అంకె 7 కావడం వంటివి అంత లోతైనవి కావు. 17 మొదలుకొని ఫెర్మా సంఖ్యలన్నీ 7తోనే ముగుస్తాయి.

దీని తర్వాతి ఫెర్మా సంఖ్యలలో ప్రధాన సంఖ్యలు దొరికాయా?

ఇప్పటివరకు ఒక్కటీ దొరకలేదు. ఆరవ ఫెర్మా సంఖ్య 18446744073709551617. దాని కారణాంకాలైన 274177, 67280421310721లను 1855లో క్లౌజెన్ కనుగొన్నాడు. ఐదవది మొదలుకొని 32వ దాని వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని రుజువైంది. వీటిలో పూర్తిగా ప్రధాన కారణాంకాలుగా విడగొట్టగలిగినవి ఐదవది నుంచి పదకొండవ దాని వరకే. ఇరవయ్యవదీ ఇరవై నాలుగవదీ సంయుక్త సంఖ్యలని పెపిన్ పరీక్ష చెప్పింది, వాటికి ఒక్క కారణాంకమైనా ఇంకా చిక్కలేదు. ఇంకా ఎటూ తేలని వాటిలో మొదటిది 33వది. దానిలో 258 కోట్లకు పైగా అంకెలున్నాయి. దానికి పెపిన్ పరీక్ష చేయాలంటే 3ను 858 కోట్లకు మించిన సార్లు వర్గం చేయాలి, ప్రతిసారీ అంత పొడవైన సంఖ్యతో భాగించి శేషం తీయాలి. 641 లాంటి చిన్న కారణాంకం ఏదైనా కంటపడితే ఆ శ్రమ అంతా తప్పుతుంది, అందుకే ఇప్పటికీ వెతికేవారు ముందుగా చూసేది 2 ఘాతపు గుణిజానికి 1 కలిపిన సంఖ్యల జాబితానే.